పోఖరాలో మరిగించని నీళ్లు

మా ట్రావెల్స్ ఆఫీసులో కొత్తగా చేరిన టూర్ మేనేజర్లకు ఒక కథ చెప్తారు. కొన్నేళ్ల క్రితం ముక్తినాథ్ యాత్రకు గ్రూపును తీసుకెళ్లిన ఒక పెద్దమనిషి బద్ధకించి తాగేనీళ్లు మరిగించలేదట. బస్సులో సగం మంది పడిపోయారట. ఒక పెద్దావిడ ప్రాణం మీదికి వచ్చిందట. ఆ తర్వాత ఆయన్ని మళ్లీ ఏ గ్రూపుతోనూ పంపలేదట. "కాబట్టి మీరు ఆయనలా చేయకండి" అని కథ ముగుస్తుంది.

ఆ యాత్ర నిజం. జబ్బులు నిజం. పెద్దావిడ సంగతీ నిజమే. మనిషి మాత్రం తప్పు. ఆ రోజు నీళ్లు మరిగించనిది ఆయన కాదు, నేను. ఆ మాట చెప్పాల్సిన గదిలో, చెప్పాల్సిన సమయంలో నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ లైనులోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్లయినా అసలు సంగతి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆయన్ని ఆఫీసులో అందరం భాయ్ అనేవాళ్లం. బోయిగూడ మనిషి. తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ ఒకే వేగంతో మాట్లాడేవాడు, మూడింట్లోనూ గట్టిగానే మాట్లాడేవాడు. జుట్టుకు రంగు వేసుకోవడం, తెల్ల బూట్లకు మట్టి అంటకుండా చూసుకోవడం ఆయన బలహీనతలు. హిమాలయాల్లో బురదలో నడుస్తూ కూడా జేబులోంచి గుడ్డ తీసి బూట్లు తుడుచుకునేవాడు. మేము నవ్వితే, "అరే, లీడర్ బూట్లు గలీజ్‌గుంటే జనం ఏమనుకుంటరు? దారి సుత గలీజ్‌గనే ఉంటదనుకుంటరు" అనేవాడు.

మాది ఎక్కువగా తీర్థయాత్రల వ్యాపారం. సికింద్రాబాద్‌లో రైలెక్కి గోరఖ్‌పూర్‌లో దిగడం, అక్కణ్ణుంచి బస్సులో సరిహద్దు దాటి నేపాల్. వంటవాళ్లు, గిన్నెలు, పప్పు, చింతపండు, పచ్చళ్ల డబ్బాలు అన్నీ మాతోనే వచ్చేవి. వచ్చేది దాదాపు అందరూ అరవై దాటిన హిందూ కుటుంబాల వాళ్లు. కౌంటర్ దగ్గరికి వచ్చి తారీఖు అడగరు, ధర అడగరు, "ఈసారి భాయ్ వస్తున్నడా?" అని అడుగుతారు. ముక్తినాథుడి దర్శనానికి తమను ఆ ముసల్మానే తీసుకెళ్లాలని పట్టుబట్టే భక్తులను సికింద్రాబాద్‌లోనే చూశాను.

గుడి దగ్గర ఆయన గేటు దాటి లోపలికి వెళ్లేవాడు కాదు. నూట ఎనిమిది మంచునీటి ధారల కింద తడిసి వణుకుతూ బయటికొచ్చే ముసలివాళ్ల కోసం పొడి తువ్వాళ్లు భుజాల నిండా వేసుకుని నిలబడేవాడు. ఎవరైనా "భాయ్, నువ్వు సుత రారాదు?" అంటే, "నేనొస్తే మీ చెప్పులెవరు చూస్తరమ్మా? దేవునికి నేను ఫోన్ల చెప్పుకుంటలే" అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. రైలు మౌలాలి దాటి, అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాక, పెట్టె మధ్యలో నిలబడి తన తప్పు తను చెప్పేవాడు. తను మొదటిసారి నేపాల్ తీసుకెళ్లిన గ్రూపుకు, హోటల్ గుమస్తా మాట నమ్మి, కుళాయి నీళ్లు పట్టించానని చెప్పేవాడు. ఎంతమంది వాంతులు చేసుకున్నారో, ఎవరెవరు తనను ఏమేం తిట్టారో, ఆ తిట్లతో సహా. జనం నవ్వుకునేవాళ్లు. నవ్వుతుండగానే నియమాలు చెప్పేసేవాడు.

"పండ్లు తోముకునుడు సుత మేమిచ్చిన నీళ్లతోనే. స్నానం చేసేటప్పుడు నోరు మూస్కోండ్రి, పాటలు వాపసొచ్చినంక పాడుకోండ్రి. ఐసు ముట్టద్దు. కోసిపెట్టిన పండ్లు వద్దు. చెరుకురసం వద్దు. సాఫ్‌గ కనవడ్డ నీళ్లన్ని సాఫ్ నీళ్లు కావు."

"మజ్జిగ?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ప్రతి గ్రూపులోనూ అడిగేవారు.

"మజ్జిగల ఏముంటది పెద్దయ్యా? నీళ్లే కదా. మా వంటాయన మరగబెట్టిన నీళ్లతోని చేస్తే తాగండ్రి. బయట ఎవడన్న అమ్మితే చూసి మొక్కి ముందుకు నడువుండ్రి."

తాగేనీళ్లు ప్రతి సాయంత్రం మరగాలి. వంట అయిపోయాక పెద్ద గంజులో నీళ్లు పోసి, కళపెళ తెర్లేదాకా పొయ్యి మీద ఉంచి, మూతపెట్టి చల్లార్చి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోకి వడపోయాలి. పొద్దున ఆ డ్రమ్ము నుంచే అందరి సీసాలూ నింపాలి. నింపేది కూడా ఆయనో, ఆయనకు అసిస్టెంటుగా వెళ్లే నేనో. ఎవరి చేతికీ గ్లాసు ముంచే అవకాశం ఇచ్చేవాడు కాదు.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సికింద్రాబాద్‌లో ఏ గుమ్మం ముందు చూసినా ఇరవై లీటర్ల నీలం క్యాను ఉంటుంది. అది ఎక్కడ నింపారో, ఎప్పుడు కడిగారో మనం అడగం. క్యానులో ఉంటే చాలు, అది మంచి నీళ్లే. అలా అలవాటైన కళ్లకు పరాయి దేశంలో అదే నీలం క్యాను కనిపిస్తే సొంతింటి మనిషి కనిపించినట్టు ఉంటుంది. ప్రతి గ్రూపులోనూ ఈ గొడవ ఉండేది. "ఎదురుంగ దుకాన్ల క్యాన్లు దొరుకుతుంటే ఈ పొగవాసన నీళ్లెందుకు భాయ్?" అని. క్యాను మూత మీద ప్లాస్టిక్ తొడుగు వేయడం ఎవడికైనా చేతనవుతుందని ఆయన విసుగు లేకుండా చెప్పేవాడు. నాకు మాత్రం లోపల్లోపల ప్రయాణికుల మాటే సబబుగా అనిపించేది. మా ఇంట్లోనూ క్యానే మరి.

ఆ ఏడాది గ్రూపులో మారేడ్‌పల్లి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, కంచు గొంతు. తోడుగా అల్లుడు వచ్చాడు. ఆయనకు ప్రతిదాంట్లోనూ తప్పు కనిపించేది, ఆవిడకు అల్లుడిలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. భాయ్ నియమాలు చెప్పడం పూర్తవగానే ఆవిడ లేచి, "పిల్లలూ, విన్నరా? రేపు అడుగుతా" అంది. పెట్టె అంతా నవ్వింది. ఆ క్షణం నుంచి వాళ్లిద్దరికీ దోస్తీ కుదిరింది.

పోఖరా చేరిన రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఓటరు కార్డు పోయింది. అది లేకుండా పైకి వెళ్లే అనుమతి రాదు, తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గరా ఇబ్బందే. భాయ్ ఆయన్ని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు, అనుమతుల ఆఫీసుకు బయల్దేరుతూ నాతో అన్నాడు: "నాకు ఆలస్యమైతది. ఈ పూట నీళ్లు నువ్వు చూస్కో. మర్చిపోవు కదా?"

"ఏంది భాయ్, నేనేమన్న కొత్తోణ్ణా?" అన్నాను.

మర్చిపోలేదు. అదే అసలు బాధ. మర్చిపోయి ఉంటే ఇన్నేళ్లు నన్ను నేను కొంచెం తక్కువ తిట్టుకునేవాణ్ణి.

మర్నాడు దారిలో తినడానికి పులిహోర చేయాలి. వంటాయన పొయ్యి దగ్గర చిరాకుగా ఉన్నాడు. సిలిండర్ ఊపి చూపించాడు. "సార్, గ్యాస్ అయిపోవచ్చింది. అన్నం వండాల్నా, నీళ్లు మరగబెట్టాల్నా? రెండు కావు. చెప్పుండ్రి, ఏదంటే అది చేస్త."

ఇంకో సిలిండర్ తెప్పించవచ్చు. బజారు దాకా నడవాలి. నేను పొద్దుటి నుంచీ సామాను దించి, గదులు పంచి, మంచం ఎత్తు తక్కువనీ కిటికీలోంచి కొండ కనిపించడం లేదనీ చెప్పిన వాళ్లందరికీ సమాధానాలు చెప్పి ఉన్నాను. ఎదురుగా దుకాణంలో నీలం క్యాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. మూతల మీద తొడుగులు మెరుస్తున్నాయి.

"అన్నం వండు" అన్నాను.

క్యాన్లు తెప్పించి డ్రమ్ములో పోయించాను. వంటాయన నా వైపు ఒకసారి చూశాడు. "భాయ్ అడిగితే?" అన్నాడు.

"నేను చెప్తలే."

పొద్దున భాయ్ అడిగాడు. బూట్లు తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు. "నీళ్లు మరిగినయా?"

"అయింది భాయ్" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆయన డ్రమ్ము మూత తీసి చూడలేదు. నన్ను నమ్మాడు. మేమిద్దరం కలిసి సీసాలు నింపాం. బస్సులో రెండు గుక్కలు తాగి టీచరమ్మ అల్లుడు అందరికీ వినిపించేలా అన్నాడు: "ఇయ్యాల నీళ్లు మంచిగున్నయ్. పొగవాసన లేదు. గిట్ల రోజు ఉంటే ఏం పోతుండె?" చాలామంది తలలూపారు. నేను కిటికీ వైపు తిరిగి, గర్వంగానే, నవ్వుకున్నాను.

ఆ సాయంత్రం కొండల్లోని మజిలీ జోమ్‌సోమ్‌లో భాయ్ మామూలుగానే నీళ్లు మరిగించాడు. మర్నాడు ముక్తినాథ్ దర్శనం బ్రహ్మాండంగా జరిగింది. టీచరమ్మ ధారలన్నింటి కిందా తల పెట్టి వచ్చి, భాయ్ చేతిలోని తువ్వాలు లాక్కుని, "నోరు మూస్కునే పోయిన. పరీక్ష పాసైనట్టేనా?" అని అడిగింది. "ఫస్ట్ క్లాస్" అన్నాడాయన.

దర్శనం నుంచి వచ్చాక ఒక్కొక్కరూ కడుపు పట్టుకోవడం షురూ అయింది. ముందు కొండ గాలి అనుకున్నాం. మర్నాడు కిందికి దిగుతుండగా బస్సు నాలుగు మలుపులకు ఒకసారి ఆపాల్సి వచ్చింది. ఆడవాళ్ల ముఖాల్లో నొప్పి కంటే సిగ్గు ఎక్కువగా కనిపించింది. చివరికి ఒక చిన్న ఊళ్లో, నదికి పైన, రోడ్డు నుంచి మెట్లెక్కి వెళ్లే ఒక లాడ్జీ కింద భాయ్ బస్సు ఆపించేశాడు. "ఇగ దిగుడే. ఎవ్వలు పరేషాన్ గావద్దు. ఇయ్యాల మన మకాం ఈడనే."

ఆ రోజు ఆయన చేసిన పని నేను మరెక్కడా, ఎవరిలోనూ చూడలేదు. ఆ డ్రమ్ము నీళ్లు ఆయనా తాగాడు. ఆయనకూ కడుపు ఆడుతూనే ఉంది. ముఖం పాలిపోయి, మధ్యమధ్యలో గోడ పట్టుకుని ఆగుతూనే పని చేశాడు. లాడ్జీ యజమానురాలిని బతిమాలి వంటగది చేతిలోకి తీసుకున్నాడు. కట్టెల పొయ్యి మీద గంజు పెట్టించి, తెర్లిన నీళ్లు చల్లారే దాకా దగ్గరే కూర్చుని, తన పెట్టెలోంచి ఓఆర్ఎస్ పొట్లాలు తీసి కలిపాడు. ఒక్కొక్కరి పక్కనే కూర్చుని చెంచాతో తాగించాడు. వాంతి చేసుకుంటే కాసేపాగి మళ్లీ తాగించాడు. ఎవరు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో సిగ్గుపడకుండా అడిగాడు, వాళ్లు సిగ్గుపడకుండా చెప్పేలా అడిగాడు. పాడైన బట్టలు, దుప్పట్లు వెనక పెరట్లో వేడినీళ్లలో తనే ఉతికాడు. టీచరమ్మ అల్లుడు మెట్ల మీదే వాంతి చేసుకుంటే అదీ ఆయనే కడిగాడు. తెల్ల బూట్లు ఎక్కడ విప్పాడో, ఎవరి వాంతి వాటి మీద పడిందో, పట్టించుకోలేదు.

నాకు మాత్రం ఏమీ కాలేదు. నేనూ అవే నీళ్లు తాగాను. కడుపుకు న్యాయం, అన్యాయం తెలియవు.

మధ్యాహ్నానికి చాలామంది తేరుకుంటున్నారు. టీచరమ్మ మాత్రం తేరుకోలేదు. కళ్లు లోపలికి పోయాయి. నాలుక పిడచగట్టింది. చెంచా నీళ్లు కూడా నిలవడం లేదు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా మూత్రం రాలేదని తెలియగానే భాయ్ లేచాడు. "ఇగ ఇంట్ల వైద్యం కాదు. పోఖరాకు తీస్కపోవాలె."

లాడ్జీ నుంచి జీపు వచ్చే రోడ్డు దాకా దారి మెట్లు. ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకుని దిగాడు. నేను పక్కన గొడుగు పట్టుకుని నడిచాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం అది.

"భాయ్" అంది ఆవిడ ఆయన భుజం మీద తల వాల్చి, ఊపిరి తీసుకుంటూ. "నేను పోతే నీ టూరుకు చెడ్డపేరు కదా?"

"చెడ్డపేరు సంగతి తర్వాతమ్మా. మీ రైలు టికెట్ వాపసు కాదు. మస్తు నుక్సాన్."

ఆవిడ నవ్వింది. ఆయన ఆవిణ్ణి వీపు మీద ఇంకాస్త పైకి సర్దుకుని మిగతా మెట్లు దిగాడు.

జీపు వచ్చేలోపు ఆవిణ్ణి అరుగు మీద పడుకోబెట్టి నన్ను పక్కకు పిలిచాడు. ఆయన లెక్క ఆయన అప్పటికే వేసుకున్నాడు. బస్సు డ్రైవర్లు ఇద్దరూ మా పులిహోరే తిన్నారు, వాళ్లకేం కాలేదు. వాళ్ల సీసాల్లో నీళ్లు మాత్రం వాళ్ల సొంతం. ఆ తర్వాత వంటాయన్ని అడిగాడు. వంటాయన దాచలేదు.

నేను తల దించుకున్నాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఇప్పుడు ఎవ్వలికి చెప్పకు" అన్నాడు. "జనం భయపడ్తరు. భయపడితే మనం ఇచ్చే నీళ్లు సుత తాగరు. ముందు వీళ్లందర్ని సల్లగ ఇంటికి చేరుద్దాం."

ఇప్పుడు చెప్పకు అన్నాడు. ఎప్పుడూ చెప్పకు అనలేదు. కానీ నేను ఆ మాటను పట్టుకుని దాని కింద ఏళ్ల తరబడి దాక్కున్నాను.

పోఖరా ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. మరికాస్త ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవన్నారు. భాయ్ ఆవిడ మంచం పక్క నుంచి కదల్లేదు. ఆవిడ మొదటిసారి గ్లాసు తనే పట్టుకుని నీళ్లు తాగినప్పుడు, "ఇవి మరిగినయేనా?" అని అడిగింది. భాయ్ వరండాలోకి వెళ్లిపోయాడు. నేను గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

తిరుగు రైల్లో గుసగుసలు మొదలయ్యాయి. టీచరమ్మ అల్లుడికి ఒంట్లో ఓపిక వచ్చింది, నోట్లోకీ వచ్చింది. "నీళ్లన్ని ఆయన చేతి మీదికెళ్లే కదా వచ్చేది. ఎవరి చేతి నీళ్లు పడ్తే వాళ్ల చేతివి తాగుకుంట తిరిగితే గిట్లనే అయితది" అన్నాడు. ఏ అర్థంలో అన్నాడో అక్కడున్న అందరికీ తెలుసు. కొందరు ఊ కొట్టారు, కొందరు కిటికీలోంచి బయటికి చూశారు. భాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడు.

కింది బెర్తు మీద పడుకున్న టీచరమ్మ లేవలేక లేచి కూర్చుంది. "అల్లుడుగారూ, మెట్ల మీద మీ వాంతి కడిగింది సుత ఆ చేతులే. అప్పుడు యాదికి రాలేదా?"

ఆ పెట్టెలో ఆ మాట అనాల్సింది నేను. నాలుగు రోజులుగా జావ తప్ప ఏమీ తినని ఆవిడ అంది.

సికింద్రాబాద్ రాగానే ఫిర్యాదు ఆఫీసుకు చేరింది. యజమాని మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిపించాడు. మంచివాడే, కానీ ఫిర్యాదు చేసినవాళ్లు కేసు వేస్తామని కూర్చున్నారు. ఎవరో ఒకరి పేరు ఆయనకు కావాలి.

"నీళ్ల జిమ్మేదారి ఎవరిది?" అని అడిగాడు.

భాయ్ వెంటనే జవాబివ్వలేదు. గోడ మీది గడియారం వైపు చూస్తూ ఊరుకున్నాడు. ఎప్పుడూ నోరు కట్టేసుకోలేని మనిషి ఊరుకున్నాడు. ఆ ఖాళీ నా కోసం ఉంచాడని నాకు అప్పుడే తెలుసు. నాకు కొత్తగా లీడర్ పోస్టు ఇస్తారన్న మాట నడుస్తోంది. నేరేడ్‌మెట్‌లో ఇల్లు కట్టడం మొదలుపెట్టి ఉన్నాను. కారణాలు చెప్పమంటే ఇంకా చెప్పగలను.

"నాది సార్" అన్నాడు భాయ్. "లీడర్ నేను. నీళ్లు చూడాల్సింది నేను."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే నాకు దాక్కోవడానికి అంత బాగా పనికొచ్చింది. గదిలోంచి బయటికొచ్చాక ఆయన బూట్ల మీది దుమ్ము కూడా తుడుచుకోలేదు.

ఆయన్ని టికెట్ల కౌంటర్‌లో కూర్చోబెట్టారు. గ్రూపులు నాకు వచ్చాయి. ఆ తర్వాత నేనెప్పుడూ నీళ్లు మరిగించకుండా పంచలేదు. గ్యాస్ అయిపోతే నేనే నడిచి సిలిండర్ తెచ్చాను. రైల్లో నిలబడి భాయ్ నియమాలన్నీ భాయ్ గొంతుతోనే చెప్పాను, పాటలు వాపసొచ్చాక పాడుకోమన్న జోకుతో సహా. ఆయన చెప్పుకున్నట్టు నా తప్పు మాత్రం చెప్పలేదు. నా గ్రూపులు ఆరోగ్యంగా వెళ్లి ఆరోగ్యంగా వచ్చాయి. జనం "ఈసారి ఆ సార్ వస్తున్నడా?" అని నన్ను అడగడం మొదలుపెట్టారు. అదే కౌంటర్‌లో భాయ్ కూర్చుని, "వస్తుండు అమ్మా, ఫికర్ చేయకుండ్రి, నీళ్ల దగ్గర మస్తు పక్కా మనిషి" అని టికెట్ రాసిచ్చేవాడు. వెటకారం కాదు. నిజంగానే అనేవాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఆయన రిటైరయ్యాడు. కొన్నేళ్లకు నా మోకాళ్లు కొండలెక్కలేమని చెప్పేశాయి. ముందుగానే ఉద్యోగం వదిలేశాను. వెళ్లిపోయే రోజు ఆఫీసులో శాలువా కప్పి, కేకు కోయించి, కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నీళ్ల గురించి చెప్పాను. అయ్యాక ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది.

"సార్, గీ నీళ్లు మరగబెట్టే సిస్టం మీరు తెచ్చిందే అంట కదా? అంతకు ముందు ఒక భాయ్ ఉండెనంట, బద్ధకంతోని అందర్ని బీమార్ చేసిండంట. మాకు ట్రైనింగ్‌ల చెప్పిర్రు."

చేతిలో కేకు ముక్క ఉంది. శాలువా భుజం మీద ఉంది. ఆయన చేయని తప్పు ఆయన పేరు మీద, ఆయన చేసిన మంచి నా పేరు మీద రాసేసి, ఈ పిల్లలకు పాఠం చెప్తున్నారు. "కాదమ్మా" అన్నాను. "అది వేరే కథ, చెప్తా" అని బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే బోయిగూడ వెళ్లాను. ఆయన ఇంటికి నేను అంతకు ముందు పెళ్లిళ్లకూ పండగలకూ వెళ్లినవాణ్ణే. ఆ యాత్ర తర్వాత మాత్రం వెళ్లలేదు. భాయ్ గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టుకు రంగు మానేశాడు. నన్ను చూడగానే, "అరే, లీడర్ సాబ్! తోవ తప్పినవా?" అన్నాడు.

నిలబడే చెప్పాను. రైల్లో విన్నదీ, ఆఫీసు గదిలో మింగిందీ, నిన్న ఆ అమ్మాయి అన్నదీ. ఆయన వింటూ వింటూ మధ్యలో చెయ్యెత్తాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుకే కదా."

"మాఫీ అడుగుదామని భాయ్."

"నాకు కోపం ఆ ఆఫీస్ రూముల ఒక్క గడియ వచ్చింది. తర్వాత పోయింది. నీళ్ల డ్రమ్ము మూత తీసి చూడనోణ్ణి నేను. అది నా తప్పే." ఆయన ఇంటి లోపలికి చూసి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను మొదటిసారి విన్నాను. "నువ్వు చెప్పాల్సింది ఉంటే లోపలున్నామెకు చెప్పు."

"భాభీకి తెల్వదా?"

"నేను చెప్పలే. ఇద్దరి మధ్యల మాట, ఇంట్ల ఎట్ల చెప్పాలె?"

భాయ్ భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చివరి మాటలు ఆమె చెవిన పడ్డాయి.

"ఏంది చెప్పలే?" అంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, ఆయన వైపు తిరిగింది. "నేపాల్ సంగతేనా? చెప్పుండ్రి అన్నా, మీరన్న చెప్పుండ్రి. ఈయన రైలెక్కిన ప్రతిసారి ఎప్పటిదో మొదటి తప్పు ఊరందరికి చెప్పుకునేటోడు. ఆ రెండోది మాత్రం నాకు సుత చెప్పలే. అడిగితే లేచి బయటికి పోయేటోడు. తప్పు లేకపోతే గట్ల పోతడా? మళ్లీ అదే పని చేసిండు, ముసలామెను సావు దాక తెచ్చిండు, అందుకే నోరు పెగుల్తలేదు అనుకున్న. ఇన్నేండ్ల సంది ఇంట్ల ఈయన గ్లాసు నీళ్లిచ్చినా, మరిగినయా అని అడిగి తాగుతున్న."

భాయ్ వీధి వైపు చూస్తున్నాడు. ఆ ఇంట్లో రోజూ ఆ ప్రశ్న విని ఊరుకున్నాడన్నమాట.

ఆఫీసు గదిలో ఆయన నా కోసం ఉంచిన ఖాళీ లాంటిదే ఇంకొకటి నా ముందు ఉంది. ఈసారి వదిలేయలేదు.

"భాభీ, పోఖరాల నీళ్లు మరగబెట్టమని భాయ్ నాకు చెప్పిండు. నేను మరగబెట్టలే. దుకాన్ల క్యాన్లు కొని పోసిన. పొద్దున భాయ్ అడిగితే అయిందని అబద్ధం చెప్పిన. జనం రైల్ల ఈయన చేతుల గురించి గలీజ్‌గ మాట్లాడుతుంటే వినుకుంట కూసున్న. ఆఫీసుల అడిగితే నోరు తెరవలే. ఆ పెద్దమ్మను వీపు మీద మోసి బతికించింది భాయ్. చంపబోయింది నేను. ఈ ఇంట్ల మీరు ఈయన్ని అడిగిన ప్రతి మాట నన్ను అడగాల్సింది. నా తప్పు. నన్ను మాఫ్ చేయండి."